పదకొండు ఫలాల శంఖం

వంతెన ఊపిరి పీల్చింది.

శరభకేతు అడుగు ఆపలేదు. ఆగినవాడు అవతలి ఒడ్డు చేరడని కొండ కింద కాపలా యక్షులు ముందే చెప్పి నవ్వారు. ధూమగిరి కోటకూ ఇవతలి శిఖరానికీ మధ్య అడుగు కనిపించని లోయ. ఆ లోయ మీద అడ్డంగా పడుకుని ఉన్నది రాళ్లతో కట్టిన వంతెన కాదు, ఒక మహా కొండచిలువ. దాని వీపు మీద పొలుసులు పలకరాళ్లలా పరుచుకుని ఉన్నాయి. వాటి సందుల్లో నాచు పట్టి, అక్కడక్కడ చిన్న చిన్న పసుపు పూలు కూడా పూశాయి. నడిచేవాడి గుండె నిదానంగా కొట్టుకున్నంతసేపు అది నిద్రలోనే ఉంటుంది. గుండె అదిరిందా, కళ్లు తెరుస్తుంది.

యువరాజు ఇప్పుడు యువరాజులా లేడు. ఒంటి మీద ముతక పంచె, దాని మడతలో దాచిన పొట్టి కత్తి, భుజాన శంఖపు గాజులు కోసే రంపం, జుట్టు నిండా తెల్లని గుల్ల పొడి. అతడి చేతిలో ఒక తాడు ఉంది. తాడు రెండో కొసన, మణికట్లు కట్టివేయబడి, కాషాయం కట్టిన ఒక వృద్ధ భిక్షుణి నడుస్తున్నది. ఆమె పేరు చంద్రశీల.

"అమ్మా, భయంగా ఉందా?" అన్నాడు శరభకేతు, తల తిప్పకుండానే.

"భయం మాట అలా ఉంచు నాయనా. ముడి మరీ బిగించావు, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి."

"సడలిస్తే మన వేషం బయటపడుతుంది."

"వేషం నీది. నేను నేనుగానే వస్తున్నాను" అన్నది ఆమె నెమ్మదిగా.

సరిగ్గా అప్పుడే పై నుంచి ఒక రాబందు రివ్వున దిగి చంద్రశీల భిక్షాపాత్రను గోళ్లతో తన్నింది. ఆమె తూలి, పొలుసుల మీద జారి, నడుము దాకా లోయలోకి వేలాడింది. శరభకేతు తాడును మోచేతికి చుట్టి వెనక్కి వాలాడు. గుండె దడదడలాడింది. వంతెన అవతలి కొసన, కోట గుమ్మం పక్కన, ఏనుగంత కనురెప్ప ఒకటి సగం పైకి లేచింది. దాని కింద పచ్చని కాంతి.

"నా ఊపిరి వింటున్నావా?" అన్నది వేలాడుతూనే భిక్షుణి. "నేను పీల్చినప్పుడు పీల్చు. వదిలినప్పుడు వదులు. తొందర లేదు."

అతడు అలాగే చేశాడు. కనురెప్ప మెల్లగా వాలింది. అతడు ఆమెను పైకి లాగాడు. మిగిలిన దూరం ఇద్దరూ ఒకే ఊపిరి లయలో నడిచారు.

ఈ సాహసానికి కారణం సింధూరపురం. నెల రోజులుగా ఆ నగరంలో ఎవరికీ నిద్ర లేదు. ధూమగిరి నుంచి ఒక బూడిదరంగు పొగ రోజూ దిగివస్తున్నది. ఆ పొగ పీల్చినవాడు కన్ను మూస్తే చాలు, తనవాళ్ల శవాలు కలలోకి వచ్చి పేరు పెట్టి పిలుస్తున్నాయి. నిద్ర లేక బురుజుల మీది భటులు తూలి కింద పడుతున్నారు. తల్లులు పాలిచ్చే పిల్లలను ఎక్కడ పెట్టారో మరచిపోతున్నారు. చివరకు శరభకేతు అన్న పుష్పకేతు మహారాజు, ఒక్క పూట నిద్ర కోసం, రాజముద్రను ధూమజంఘుడనే మాంత్రికుడికి అప్పగించడానికి ఒప్పుకున్నాడు. ముహూర్తం నేటి సాయంకాలం, దీపాలు పెట్టే వేళ.

అంతఃపురంలోని ముసలి దాది ఒకర్తె మాత్రం ఒక సంగతి చెప్పింది. ఆమె చిన్నతనంలో భిక్షువులు ఒక సూత్రం చదివేవారట. అన్ని ప్రాణుల మీద మైత్రి నిలుపుకున్నవాడికి కలిగే ఫలాలు పదకొండు అని తథాగతుడు చెప్పిన సూత్రమట అది. అందులో మొట్టమొదటి ఫలం సుఖనిద్ర అట. అది చెవిన పడితే ఈ పొగ పని చేయదని దాది నమ్మకం. ఇంకేమీ ఆమెకు గుర్తు లేదు.

శరభకేతు గుర్రమెక్కి పంచగుహ విహారానికి వెళ్లాడు. తథాగతుడి మాటలన్నిటినీ రాతలో కాక నోటిలో దాచుకున్న విహారం అది. ఐదు గుహలు, ఐదు బృందాలు. ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క భాగం కంఠపాఠం. అయితే అతడు వెళ్లేసరికి గుహలన్నీ మూగగా ఉన్నాయి. ధూమజంఘుడు ఒక మాయశంఖం ఊది, వాళ్ల గొంతుల్లోని పాఠాలన్నిటినీ బయటకు లాగి, సూత్రానికొక శంఖం చొప్పున నింపి, బండ్ల మీద తోలుకుపోయాడు. భిక్షువులు ఆకలి అంటున్నారు, దాహం అంటున్నారు. పాఠం మాత్రం ఒక్క ముక్క రావడం లేదు.

"మాటలు పోయాయి నాయనా" అని ఆ రోజు చంద్రశీల చెప్పింది. "ఏ మాట ఎక్కడ ఉండేదో ఆ వరస పోలేదు. దాన్ని వాడు చూడలేదు కాబోలు."

ఆ ఒక్క ఆధారంతో ఇద్దరూ ఇప్పుడు కోట గుమ్మం దాటారు.

ధూమజంఘుడి కొలువుకూటం నల్లరాతి స్తంభాలతో, ఆ స్తంభాలకు చుట్టుకున్న రాగి తీగలతో, తీగల కొసల్లో మిణుగురుల్లా వెలిగే పిల్లుల కళ్లతో భయంకరమైన అందంగా ఉంది. నడుమ ఒక సున్నపు బట్టీ భగభగ మండుతున్నది. బట్టీ పక్కన పులితోలు మీద కూర్చున్నవాడికి మోకాళ్ల కింద కాళ్లు లేవు. అక్కడినుంచి సుడులు తిరిగే పొగ మాత్రమే ఉంది.

"ఎవడ్రా నువ్వు?"

"శంఖపు గాజులు కోసేవాడిని ఏలికా! పేరు తిప్పడు" అన్నాడు శరభకేతు చేతులు జోడించి. "శంఖాలు వరస పెట్టేవాళ్లు కావాలని తమరు దండోరా వేయించారట. ఈ ముసలమ్మకు ఆ వరస తెలుసు. పట్టి తెచ్చాను."

ధూమజంఘుడు చంద్రశీల వైపు వంగాడు. "నిజమేనా, ముసలిదానా? నీకు తెలుసా?"

"తెలుసు" అన్నది ఆమె.

మాంత్రికుడు పకపక నవ్వాడు. అతడి కోరిక రెండు తలల పాము లాంటిది. ఆ పాఠాలన్నీ తన నోట పలికి సర్వజ్ఞుడినని లోకం చేత అనిపించుకోవాలి. అది ఒకటి. రెండోది, ఆ పాఠాల్లో యక్షులను కట్టడి చేసే రక్షాసూత్రం ఒకటి ఉందని అతడు విన్నాడు. అతడి సైన్యమంతా మంత్రంతో బంధించిన యక్షులే. ఆ సూత్రం వాళ్ల చెవిన పడితే బంధం తెగిపోతుంది. అందుకని ఆ ఒక్క శంఖాన్ని వెతికి బట్టీలో కాల్చి సున్నం చేయాలి. పగలగొట్టడానికి మాత్రం వీల్లేదు. శంఖం పగిలితే లోపలి మాట అందరికీ ఒకసారి గట్టిగా వినిపించి, గాలిలో కలిసిపోతుంది. విన్నవాడి మనసులో నిలిస్తే నిలిచినట్టు, లేకపోతే లోకానికి ఇక లేనట్టు.

"పొద్దు వాలేలోపు అన్నీ వరసగా ఉండాలి. నేను సింధూరపురం వెళ్లే పని ఉంది" అన్నాడు ధూమజంఘుడు. "పని అయితే నీకేం కావాలిరా?"

"అన్నిటికన్నా చిన్న శంఖం ఒకటి. నా పెళ్లానికి ముక్కుపోగు చేసుకుంటాను."

"పని కాకపోతే ఇద్దరూ బట్టీలోకే" అని మాంత్రికుడు చిటిక వేశాడు. "ఒరే ఘటోదరా! వీళ్లను శంఖశాలకు తీసుకుపో. కన్ను మూశావంటే చూడు!"

కుండ లాంటి పొట్ట, కోరలు, చేటల్లాంటి చెవులు ఉన్న ఒక యక్షుడు ముందుకు వచ్చాడు. అతడి కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. "మూయడానికి నిద్ర వస్తే కదా ఏలికా!" అని గొణిగాడు.

ఘటోదరుడు శంఖశాల తలుపు తెరిచాడు. కొండను తొలిచిన విశాలమైన గది అది. పైన రంధ్రం గుండా పడే ఎండలో శంఖాలు గుట్టలు గుట్టలుగా మెరుస్తున్నాయి. గుమ్మడికాయంతవి, కొబ్బరికాయంతవి, ఉసిరికాయంతవి. పాలరంగువి, గులాబిరంగువి, లోపల ఇంద్రధనుస్సు ఆడేవి. మొత్తం గది సన్నగా గుసగుసలాడుతున్నది, వేల తేనెటీగలు ఒక్కసారి రెక్కలాడించినట్టు.

"ఇందులో ఒక్కటి వెతకాలా!" అన్నాడు యువరాజు.

శరభకేతు చేతుల తాడు విప్పగానే చంద్రశీల కొంగు బిగించింది. "వెతకవద్దు. సర్దుదాం. సర్దితే అదే దొరుకుతుంది. ముందు మూడు బుట్టలు తెప్పించు."

ఘటోదరుడు ధాన్యపు గాదెలంత బుట్టలు మూడు మోసుకొచ్చాడు.

"ఒకటి వినయం బుట్ట. భిక్షువులు ఎలా మెలగాలి, ఏం తప్పు, ఆ తప్పు ఎక్కడ ఎవరి వల్ల పుట్టింది, ఇవన్నీ అందులో. రెండోది సూత్రాలది. తథాగతుడు ఊళ్లు తిరుగుతూ మనుషులతో చెప్పిన మాటలు. మూడోది అభిధర్మం. అందులో ఊరూ ఉండదు, మనుషులూ ఉండరు. మనసులో కదిలే ధర్మాలను విడదీసి వరసపెట్టిన జాబితాలే. మొదటి మాట విను చాలు, ఏ బుట్టదో తెలిసిపోతుంది."

శరభకేతు ఒకటి చెవికి ఆనించాడు. ఎవరో భిక్షువు అవసరానికి మించి పాత్రలు కూడబెట్టాడని, ఊళ్లో జనం గుసగుసలాడారని వినిపించింది. "వినయం!" అని విసిరాడు. ఇంకొకటి, 'నేను ఇలా విన్నాను, ఒకప్పుడు ఫలానా వనంలో' అని మొదలైంది. "సూత్రం!" మూడోది పేర్లూ కథా లేకుండా కుశలం, అకుశలం అంటూ లెక్క చెప్పుకుపోయింది. ఘటోదరుడు కూడా ఒకటి తన పెద్ద చెవికి ఆనించుకుని, "ఇందులో ఎవడో దొంగతనం చేశాడు దొరా, బాగుంది!" అని, దాన్ని వినయం బుట్టలో వేయడానికి మనసు రాక చేతిలోనే పట్టుకున్నాడు.

ముగ్గురూ పనిలో పడ్డారు. యక్షుడి చేతులు ఒక్కొక్కటి పది చేతుల పెట్టు. మధ్యాహ్నం అయ్యేసరికి మూడు బుట్టలూ నిండి పొంగిపొర్లాయి. చంద్రశీల సూత్రాల బుట్టను నేల మీద ఒంపించింది.

"ఇప్పుడు పరిమాణం చూడు. గుమ్మడికాయంతవి దీర్ఘ నికాయం అనే కూర్పు. చాలా పొడుగైన సూత్రాలు, కొద్దిగానే ఉంటాయి. కొబ్బరికాయంతవి మధ్యమ నికాయం. ఈ రెండూ కొలతను బట్టి విడిపోతాయి."

"మరి ఈ చిన్నవి? కొల్లలుగా ఉన్నాయే!"

"అక్కడే చిక్కు. చిన్నవాటిలో రెండు కుటుంబాలు కలిసిపోయాయి. ఒకటి సంయుక్తం, విషయాన్ని బట్టి కూర్చినది. దేవతల గురించినవన్నీ ఒకచోట, ఇంద్రియాల గురించినవన్నీ ఒకచోట. రెండోది అంగోత్తరం, సంఖ్యను బట్టి కూర్చినది. ఒక్కటే సంగతి చెప్పేవి ఒకట్లలో, రెండు చెప్పేవి రెండ్లలో, అలా మెట్టెక్కుతూ పదకొండ్ల దాకా. ఇవి కాక గాథలూ పాటలూ కథలూ ఉన్నవి విడిగా క్షుద్రకం." ఆమె కళ్లు మెరిశాయి. "నేను అంగోత్తరం పాఠకురాలిని నాయనా. ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని."

"పదకొండు ఫలాలు!" అన్నాడు శరభకేతు గొంతు తగ్గించి. "అయితే అది చివరి మెట్టు మీదే ఉండాలి."

"ఉండాలి కాదు, ఉంది."

అంతలో ఆమె గొంతు ఇంకా తగ్గించి అన్నది: "మాంత్రికుడు వెతికేది కూడా ఇక్కడే ఉంది. అది దీర్ఘంలోది, చివరి వర్గంలోది. నా పాఠం కాదు కాబట్టి అంతకు మించి తెలియదు. వాడు నన్ను సూటిగా అడిగితే నేను అబద్ధం ఆడను. అడగకుండా చూసుకో."

శరభకేతు గబగబా పెద్ద శంఖాల మొదటి మాటలు విన్నాడు. ఒకదానిలో నలుదిక్కుల యక్షరాజులు సైన్యాలతో ఒక గద్దల కొండకు దిగివచ్చిన వర్ణన వినిపించింది. అతడు దాన్ని నిమ్మళంగా తీసి, తన రంపం చుట్టిన గోనె కింద దూర్చాడు. ఘటోదరుడు దొంగ కథ వింటూ అటు చూడలేదు.

తలుపు దగ్గర పొగ లేచింది. ధూమజంఘుడు తేలుతూ లోపలికి వచ్చాడు.

"పెద్దవి సర్దారా? యక్షుల సూత్రం ఏదీ?" అని చంద్రశీల వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు!"

"ఆమె అంగోత్తరం మనిషి ఏలికా!" అని శరభకేతు అడ్డంపడ్డాడు. "ఒక గుహవాళ్లకు ఇంకో గుహ పాఠం రాదట, దారంతా అదే సతాయింపు. తమరు స్వయంగా వింటే మంచిది. కానీ మొదటినుంచే వినాలి సుమండీ. నడుమన దూరితే వరస కోపగించి మాట మూగబోతుందట!"

ఆ చివరి మాట అతడు అప్పటికప్పుడు అల్లినది. మాంత్రికుడు నమ్మాడు. మొట్టమొదటి గుమ్మడి శంఖాన్ని చెవికి ఆనించి గది మూల కూర్చున్నాడు. అందులో లోకం శాశ్వతమా కాదా, ఆత్మ ఏమవుతుంది అని వాదించే అరవైరెండు రకాల మనుషులను ఒక్కొక్కరినే తథాగతుడు వలలో చేపల్లా పట్టుకుంటూ పోతున్నాడు. ధూమజంఘుడు తానూ వాదించేవాడే కాబట్టి అందులో పడి లేవలేకపోయాడు. మధ్యమధ్య "అది తప్పు! నేను ఒప్పుకోను!" అని శంఖాన్ని తిడుతున్నాడు.

ఇవతల చిన్న శంఖాలు కుప్పలుగా విడిపోతున్నాయి. నాలుగు సంగతులవి, ఐదువి, ఎనిమిదివి. కొన్నిటిలో ఏ బోధా లేదు, పొడి పొడి మాటలు మాత్రం పద్యంలా దొర్లుతున్నాయి.

"అర్థం లేని శంఖం ఇది" అన్నాడు ఘటోదరుడు.

"అది ఉద్దానం నాయనా" అన్నది చంద్రశీల. ఆమె యక్షుడిని కూడా నాయనా అనే పిలిచింది. "సూత్రాలను కొన్నికొన్నిగా వర్గాలు కట్టి, వర్గం చివర ఒక పద్యం పెట్టుకుంటాం. సూత్రానికొక్క మాట చొప్పున అందులో ఉంటుంది. పూలమాలకు దారం లాంటిది. ఏ పువ్వు రాలినా దారం చెబుతుంది."

ఎండ గోడ ఎక్కే వేళకు పదకొండ్ల కుప్ప తయారైంది. దోసెడు కూడా లేదు. చంద్రశీల ఒక్కొక్కటే మొదటి మాట విని పక్కన పెట్టింది. ఉసిరికాయంత ఒక తెల్లని శంఖం దగ్గర ఆమె చేయి ఆగింది. ఉద్దానం వరసలో మిగిలింది అదొక్కటే కనుక, ఆమె దాన్ని ఇంకా వినకుండానే శరభకేతు అరచేతిలో పెట్టింది.

"ఇదే. నువ్వు విను. నీ ఊరికి మోసుకెళ్లేవాడివి నువ్వు."

అతడు చెవికి ఆనించాడు. చల్లని నీళ్లలాంటి గొంతు ఒకటి మాట్లాడడం మొదలుపెట్టింది. మొదటి మాటతోనే నెల రోజుల బరువు రెప్పల మీద నుంచి జారింది. రెండో మాట అతడికి వినబడలేదు. గోడకు ఆనుకుని నిలబడినవాడు నిలబడినట్టే కునికాడు. ఆ కునుకులో శవాలు లేవు, పిలుపులు లేవు. చంద్రశీల అతడి మోచేతిని గట్టిగా గిల్లింది. ఉలిక్కిపడి లేచేసరికి శంఖం చివరి నాలుగు ఫలాలు చెబుతున్నది. అవి మాత్రం అతడికి స్పష్టంగా వినిపించాయి.

ఘటోదరుడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"దొరా! నువ్వు నిద్రపోయావు!"

"లేదు."

"పోయావు! నేను చూశాను. ముఖం ఎలా ఉందో తెలుసా?" యక్షుడు మోకరిల్లాడు. "నన్ను బంధించిన నాటినుంచి నాకు నిద్ర లేదు. ఎన్నేళ్లయిందో లెక్క కూడా లేదు. ఒక్కసారి ఇవ్వు దొరా. నీ కాళ్లు పట్టుకుంటాను."

శరభకేతు తలుపు వైపు చూశాడు. మూలన వాదిస్తున్న మాంత్రికుడి వైపు చూశాడు. ఇవ్వకూడదని అతడికి తెలుసు. అయితే నెల రోజులకే తన ఊరు ఏమైపోయిందో కూడా అతడికి తెలుసు. శంఖాన్ని ఆ చేటంత చెవిలో పెట్టాడు.

ఘటోదరుడు విన్నాడు. పెదవులు కదిలిస్తూ, పిల్లాడు పాఠం వల్లించినట్టు, వెంట వెంట పలికాడు. కొంతసేపటికి పెదవులు ఆగాయి. కోరల నడుమ ఒక నవ్వు పుట్టింది. కొండ కూలినట్టు పక్కకు ఒరిగి, గురక పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ గురకకు శంఖశాల దద్దరిల్లింది. కుప్పలు కదిలాయి. శరభకేతు చిన్న శంఖాన్ని లాక్కుని నడుముకు కట్టుకుంటుండగానే ధూమజంఘుడు తల ఎత్తాడు.

"ఎవరు నిద్రపోయింది నా కోటలో?"

అతడు సుడిగాలిలా లేచి, ఘటోదరుడి ముఖంలోకి ఒకసారి, వరసగా పేర్చిన పెద్ద శంఖాల వైపు ఒకసారి చూశాడు. ఉద్దానం గురించి భిక్షుణి చెప్పిన మాట ఇందాక అతడి చెవిన కూడా పడింది. తిట్టుకుంటూ చివరి వర్గం కొసన ఉన్న ఉద్దానపు శంఖాన్ని అందుకుని విన్నాడు. వింటూ వేలితో ఒక్కొక్క శంఖాన్నీ తాకుతూ పోయాడు. చివరకు చేరువవుతుండగా అతడి వేలు గాలిలో ఆగిపోయింది.

"ఇక్కడ ఒకటి లేదు!"

అంత చక్కగా సర్దడం వల్లనే ఆ ఖాళీ అంత చక్కగా కనిపించింది. శరభకేతు తనను తాను తిట్టుకునే వ్యవధి కూడా లేకపోయింది. మాంత్రికుడి చేతుల నుంచి పొగ తాళ్లలా సాగి గోనెను ఎగరగొట్టింది. కింద దాచిన శంఖం దొర్లి బయటపడింది. ఇద్దరూ ఒకేసారి దూకారు. ముందు అందుకున్నది శరభకేతు. అందుకున్న చేతిని పొగ చుట్టుకుని, బట్టీ ఉన్న కూటం వైపు ఈడ్చుకుపోసాగింది. గుమ్మం బయట యక్షభటుల శూలాలు వందలుగా లేచాయి.

"పగలగొట్టు!" అన్నది చంద్రశీల.

"పగిలితే లోకానికి పోతుందమ్మా!"

"నేను వింటాను" అన్నదామె. నేల మీద పద్మాసనం వేసి, వీపు నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుంది. "నా పాఠం కాకపోతేనేం. ఒకసారి విని నిలుపుకోవడమే కదా మేము చేసే పని. ఊఁ, కానివ్వు!"

అతడు శంఖాన్ని గుమ్మపు రాతికి బలంగా కొట్టాడు.

శబ్దం మెరుపులా లేచింది. గంభీరమైన గొంతు ఒకటి నలుదిక్కుల రాజులను పేరుపేరునా పిలుస్తూ కోటంతా నిండింది. యక్షభటులు ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. ఒకడి చేతి నుంచి శూలం జారింది. తరువాత పదిమందివి. మరుక్షణంలో వర్షం కురిసినట్టు ఆయుధాలన్నీ రాతి మీద పడ్డాయి. యక్షులు గుంపులుగా వచ్చి భిక్షుణి చుట్టూ, ఆమెకు గాలి కూడా తగలకుండా, గోడలా నిలబడ్డారు.

ధూమజంఘుడు భయంకరంగా అరిచాడు. అతడి దేహమంతా పొగగా కరిగి, పై రంధ్రం గుండా ఆకాశంలోకి దూసుకుపోయింది. సింధూరపురం వైపు.

"అమ్మా, పద!" అన్నాడు శరభకేతు. ఆమె కదలలేదు. ఆ సూత్రం పొడుగైనది, ఇంకా సగం కూడా కాలేదు. ఒక్క మాట జారినా ఎప్పటికీ జారినట్టే. ఆమె పెదవి విప్పకుండా, కళ్లు తెరవకుండా, చేయి మాత్రం ఎత్తి పడమటి దిక్కు చూపింది. వెళ్లు అని అర్థం.

అతడు వంగి ఆమె పాదాలు తాకి పరుగెత్తాడు. కోట గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆ గొంతు విని కొండచిలువ కూడా మేల్కొని ఎటో వెళ్లిపోయింది. ముందు లోయ తప్ప ఏమీ లేదు.

వెనక నుంచి ఒక పెద్ద చేయి అతడిని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుంది.

"ఎంత బాగా పడుకున్నాను దొరా!" అన్నాడు ఘటోదరుడు ఆవులిస్తూ. అతడి కళ్లలో ఎరుపు లేదు. "ఎక్కడికి పోవాలి?"

"ఆ పొగ కన్నా ముందు సింధూరపురానికి."

యక్షుడు గెంతాడు. ఒక్కొక్క గెంతుకు ఒక్కొక్క కొండ కింద నుంచి జారిపోయింది. మేఘాలు తడి దుప్పట్లలా ముఖాన కొట్టుకున్నాయి. ఎర్రబడుతున్న ఆకాశంలో ముందు పోతున్న పొగ వీళ్లను చూసింది. వెనక్కి తిరిగి, గోళ్లు మొలిపించుకుని, సూటిగా శరభకేతు మీద విరుచుకుపడింది.

అతడు కత్తి దూసేలోపే పొగ ముక్కులోకి పోయింది. కళ్లు మూతపడ్డాయి. అన్న పుష్పకేతు సింహాసనం మీద తల లేకుండా కూర్చుని, చేతితో రమ్మని పిలుస్తున్నాడు. శరభకేతు ఆ చేయి అందుకోవడానికి యక్షుడి జుట్టు వదిలేశాడు.

"సుఖంగా నిద్రపోతాడు!" అని ఎక్కడో ఒక బండగొంతు పలికింది. "సుఖంగా మేల్కొంటాడు! చెడ్డ కలలు రావు! వినబడుతోందా దొరా? చెడ్డ కలలు రావు!"

అన్న రూపం నీళ్లలో ముగ్గులా చెదిరిపోయింది. శరభకేతు కళ్లు తెరిచాడు. ఘటోదరుడు అతడిని ఒక కాలు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసుకుని, గెంతుతూనే గట్టిగా వల్లిస్తున్నాడు. పొగ దెబ్బతిన్న పక్షిలా దూరంగా తిరుగుతున్నది.

శరభకేతు చేయి నడుము మీదకు పోయింది. అక్కడ తెగిన దారం మాత్రమే ఉంది. తెల్లని చిన్న చుక్క ఒకటి, ఎంతో కింద, మేఘాల్లోకి జారి మాయమైంది. ఏ నది రాళ్ల మీద పడి పగిలిందో, లోపలి మాటను ఏ చేపలు విన్నాయో తెలియదు.

"ఘటోదరా, శంఖం పోయింది! నీకు ఎంతవరకు గుర్తుంది?"

"ఆరు దాకా ఉంది దొరా! మనుషులకు ఇష్టుడవుతాడు, మనుషులు కానివాళ్లకు కూడా ఇష్టుడవుతాడు, దేవతలు కాపాడతారు. అంతే. అక్కడికి నిద్రొచ్చేసింది."

శరభకేతు యక్షుడి భుజం మీదకు మళ్లీ ఎక్కి, వేళ్లు మడిచాడు. గిల్లిన తరువాత తాను విన్నవి ఒక్కొక్కటే పైకి అన్నాడు. మనసు త్వరగా కుదురుకోవడం. ముఖం తేటపడడం. తడబాటు లేని మరణం. ఆ తరువాత బ్రహ్మలోకం. నాలుగు.

"ఆరూ నాలుగూ పది" అన్నాడు ఘటోదరుడు సంబరంగా.

"పది" అన్నాడు శరభకేతు. "కానీ ఇవి పదకొండు."

ఎదురుగా సింధూరపురం బురుజులు కనిపిస్తున్నాయి. నగర ద్వారం ముందు, రాజముద్ర ఉన్న పళ్లెంతో, తూలిపోతూ నిలబడి ఉన్నాడు అతడి అన్న. పొగ వాళ్లిద్దరినీ దాటి ఆ ద్వారం ముందు దిగింది. మనిషి రూపం దాల్చి, వెనక్కి తిరిగి, రెండు అరచేతుల్లోనూ నిప్పు వెలిగించుకుంది.

"ఏడోది ఏమిటి దొరా?" అని అడిగాడు ఘటోదరుడు.

శరభకేతు కత్తి దూశాడు. "తెలియదు. నువ్వు మొదటి ఆరూ చెబుతూ దూకు. మిగతా నాలుగూ నేను చెబుతాను."

నిప్పు, విషం, ఆయుధం అంటకపోవడమే ఆ ఏడో ఫలమని ఇద్దరికీ తెలియదు. యక్షుడు ఊపిరి నిండా పీల్చి, మంటల్లోకి దూకాడు.